బీమా ఏజెన్సీ నిర్వహణ సాఫ్టువేరు

బీమా ఏజెన్సీ నిర్వహణ సాఫ్టువేరు అనగా బీమా ఏజెంటు గానీ, ఏజెన్సీ కార్యాలయం గానీ తమ పాలసీదారుల వివరాలను, పాలసీలను, ప్రీమియం గడువు తేదీలను, క్లెయిములను, కమీషను లెక్కలను ఒకచోట భద్రపరచుకొని, ఏనాటి పనిని ఆనాడు చేసుకొనుటకు ఉపయోగించే కంప్యూటరు ప్రోగ్రాము. బీమా కంపెనీ తన సొంత కార్యకలాపాలకు వాడే సాఫ్టువేరు వేరు, ఇది వేరు. కంపెనీ వద్ద ఉండేది పాలసీకి సంబంధించిన అధికారిక రికార్డు. ఏజెన్సీ వద్ద ఉండేది ఆ రికార్డుకు ఒక ప్రతిబింబం మాత్రమే. ఈ రెండూ ఎంత దగ్గరగా సరిపోలితే సాఫ్టువేరు అంత ఉపయోగకరం. అవి వేరుపడిన చోట నష్టం చాలావరకు పాలసీదారుని కుటుంబానికే కలుగుతుంది.

అవసరం

బీమా ఒప్పందం ఇతర వస్తువుల అమ్మకం వంటిది కాదు. దుకాణంలో వస్తువు కొన్నవాడు సొమ్ము చెల్లించి వస్తువు తీసుకొనిపోవడంతో లావాదేవీ ముగుస్తుంది. జీవిత బీమా పాలసీ మాత్రం 15, 20, 25 సంవత్సరాలు సాగుతుంది. అంత కాలంలో పాలసీదారు ఇల్లు మారవచ్చు, ఉద్యోగం మారవచ్చు, వివాహం కావచ్చు, పిల్లలు పుట్టవచ్చు, నామినీ మరణించవచ్చు. వీటిలో ప్రతి ఒక్కటీ పాలసీ కాగితాలలో ఒక మార్పును కోరుతుంది.

ఏజెంటుకు పాతిక పాలసీలు ఉన్నప్పుడు డైరీ సరిపోతుంది. వందలు దాటినప్పుడు జ్ఞాపకశక్తి, చేతివ్రాత రిజిస్టరు రెండూ చాలవు. పాలసీ ప్రారంభ తేదీ ప్రకారం వ్రాసుకున్న రిజిస్టరులో గడువు తేదీ ప్రకారం వెతకడం కష్టం. పేర్ల అకారాది క్రమంలో వ్రాసుకున్న దానిలో ఈ నెల ఎవరెవరు ప్రీమియం కట్టాలో తెలియదు. ఒకే సమాచారాన్ని పేరు, ఊరు, తేదీ, పాలసీ సంఖ్య, ఇలా ఏ క్రమంలో కావాలంటే ఆ క్రమంలో చూపగలగడం కంప్యూటరు చేసే మొదటి మేలు.

చరిత్ర

అమెరికాలో

ఈ తరహా సాఫ్టువేరు ఒక ప్రత్యేక శాఖగా రూపుదిద్దుకున్నది అమెరికా సంయుక్త రాష్ట్రాలలో. అక్కడి స్వతంత్ర ఏజెంట్లు ఒకేసారి అనేక కంపెనీల పాలసీలను అమ్ముతారు. ఒక్కొక్క కంపెనీకి ఒక్కొక్క రకం దరఖాస్తు ఫారం ఉండడం వలన, ఒకే వ్యక్తి వివరాలను పలుమార్లు వ్రాయవలసి వచ్చేది. ఈ ఇబ్బందిని తొలగించే ఉద్దేశంతో 1970లో అకార్డ్ అనే లాభాపేక్షలేని సంస్థ ఏర్పడింది. ఏజెంట్లకు, కంపెనీలకు మధ్య నడిచే ఫారాలను ప్రామాణీకరించడం దాని మొదటి పని. తరువాత కంప్యూటర్ల మధ్య సమాచార మార్పిడికి కూడా అది ప్రమాణాలను రూపొందించింది.

1983లో ఐవాన్స్ అనే సంస్థ కంపెనీలను, ఏజెన్సీలను కలిపే సమాచార వలయాన్ని ఏర్పరచింది. అదే సంవత్సరంలో అప్లయిడ్ సిస్టమ్స్ అనే ఏజెన్సీ సాఫ్టువేరు సంస్థ కూడా ప్రారంభమైంది. కంపెనీ వద్ద పాలసీలో జరిగిన మార్పు తనంతట తాను ఏజెన్సీ కంప్యూటరుకు చేరే పద్ధతిని అక్కడ 'డౌన్‌లోడ్' అని వ్యవహరిస్తారు. వివరాలను ఒక్కసారి మాత్రమే నమోదు చేసి, వాటినే అనేక కంపెనీలకు పంపగలగడం ఆ కాలం నుండి ఈ రంగానికి లక్ష్యంగా ఉంది.

భారతదేశంలో

భారతదేశంలో పరిస్థితి భిన్నం. 1956 సెప్టెంబరు 1న జీవిత బీమా సంస్థ (ఎల్.ఐ.సి.) ఏర్పడినప్పుడు 245 బీమా కంపెనీలు, ప్రావిడెంట్ సొసైటీలు అందులో విలీనమయ్యాయి. భోగరాజు పట్టాభి సీతారామయ్య మచిలీపట్నంలో స్థాపించిన ఆంధ్రా ఇన్సూరెన్స్ కంపెనీ కూడా వాటిలో ఒకటి. ఆ తరువాత నాలుగు దశాబ్దాలకు పైగా జీవిత బీమా ప్రధానంగా ఒకే సంస్థ చేతిలో ఉండడం వలన, అనేక కంపెనీలతో సంధానం అనే సమస్య ఇక్కడి ఏజెంటుకు ఎదురు కాలేదు. బ్రాంచి కార్యాలయం ఇచ్చే ప్రీమియం బాకీల జాబితా, కమీషను బిల్లు, సొంత డైరీ, ఇవే అతని సాధనాలు.

1995 జూలైలో ఎల్.ఐ.సి. తన బ్రాంచీలలో పాలసీదారులకు, ఏజెంట్లకు కంప్యూటరు ద్వారా వెంటనే సేవలందించే కార్యక్రమాన్ని చేపట్టింది. వ్యక్తిగత కంప్యూటర్లు అందుబాటులోకి వచ్చిన కొద్దీ ఏజెంట్ల కోసం చిన్న చిన్న సంస్థలు తయారుచేసిన ప్రోగ్రాములు మార్కెట్టులోకి వచ్చాయి. ఇవి ముఖ్యంగా ప్రీమియం లెక్కకట్టడానికి, బాకీల జాబితా తీయడానికి, ఉత్తరాలు అచ్చు వేయడానికి ఉపయోగపడేవి.

బీమా నియంత్రణ, అభివృద్ధి ప్రాధికార సంస్థ చట్టం 1999లో వచ్చిన తరువాత ప్రైవేటు కంపెనీలు రంగంలోకి వచ్చాయి. ఆ నియంత్రణ సంస్థ ప్రధాన కార్యాలయం 2001లో ఢిల్లీ నుండి హైదరాబాదుకు తరలివచ్చింది. అనేక కంపెనీల పాలసీలను అమ్మగల బ్రోకర్లకు అనుమతి లభించడంతో, అమెరికా తరహా విస్తృత సాఫ్టువేరు అవసరం ఇక్కడ కూడా కలిగింది. ఎల్.ఐ.సి. 2020 నవంబరులో 'ఆనంద' అనే డిజిటల్ వ్యవస్థను ప్రవేశపెట్టింది. దీని ద్వారా ఏజెంటు కాగితం లేకుండానే కొత్త పాలసీ ప్రతిపాదనను పూర్తి చేయవచ్చు.

సమాచార నిర్మాణం

ఏజెన్సీ సాఫ్టువేరు లోపలి అమరికలో సాధారణంగా నాలుగు అంచెలు ఉంటాయి.

* వ్యక్తి: పేరు, పుట్టినతేదీ, చిరునామా, ఫోను నంబరు, వృత్తి.
* కుటుంబం: ఒకే ఇంటిలోని వ్యక్తులందరినీ కలిపే బంధం. తండ్రి పాలసీ, తల్లి ఆరోగ్య బీమా, కొడుకు మోటారు సైకిలు బీమా ఒకేచోట కనబడేది దీనివలననే.
* పాలసీ: పాలసీ సంఖ్య, ప్రారంభ తేదీ, ప్లాను, కాలవ్యవధి, బీమా మొత్తం, ప్రీమియం, చెల్లింపు విధానం, నామినీ, అసైన్‌మెంటు.
* సంఘటన: ప్రీమియం చెల్లింపు, రుణం, చిరునామా మార్పు, క్లెయిము వంటి వాటిలో ప్రతి ఒక్కదానికి తేదీతో కూడిన నమోదు.

వ్యక్తిని, పాలసీని వేరు వేరు అంచెలలో ఉంచడం ముఖ్యం. ప్రతి పాలసీ ఎదుట చిరునామాను మళ్ళీ మళ్ళీ వ్రాస్తే, ఇల్లు మారినప్పుడు ఒకచోట దిద్ది మరొకచోట మరచిపోయే ప్రమాదం ఉంది. చిరునామాను వ్యక్తికి జతచేస్తే ఒక్కసారి దిద్దడంతో సరిపోతుంది.

పేర్ల సమస్య

తెలుగువారి పేర్లు ఈ సాఫ్టువేర్లకు ఒక ప్రత్యేక సమస్య. ఇంటిపేరు ముందు వస్తుంది. అది ఒక పత్రంలో పూర్తిగాను, మరొక పత్రంలో పొడి అక్షరంగాను ఉంటుంది. 'వెంకటేశ్వరరావు' వంటి పేరును ఇంగ్లీషు అక్షరాలలో నాలుగైదు విధాలుగా వ్రాయవచ్చు. చివరి 'రావు'ను కలిపి వ్రాసేవారు కొందరు, విడదీసి వ్రాసేవారు కొందరు. వివాహానంతరం స్త్రీల ఇంటిపేరు కొన్ని పత్రాలలో మారి, కొన్నింటిలో మారకుండా ఉంటుంది. అందువలన కంప్యూటరు ఒకే వ్యక్తిని ఇద్దరుగా లెక్కించడం, ఒకే పేరు గల ఇద్దరిని ఒకరిగా కలిపివేయడం రెండూ జరుగుతాయి.

ఇది కేవలం జాబితాలోని దోషం కాదు. పాలసీలోని పేరు, ఆధార్ లోని పేరు, బ్యాంకు ఖాతాలోని పేరు సరిపోలకపోతే క్లెయిము సొమ్ము చేతికి రావడానికి అదనపు పత్రాలు కావలసి వస్తాయి. పాలసీదారు జీవించి ఉండగా సులభంగా జరిగే సవరణ, అతని మరణానంతరం కుటుంబానికి కష్టమవుతుంది. అందువలన మంచి సాఫ్టువేరులో 'పాలసీలో ఉన్న పేరు', 'గుర్తింపు పత్రంలో ఉన్న పేరు' అని రెండు వేర్వేరు గడులు ఉండాలి. తేడా ఉన్నవారి జాబితాను అది వేరుగా తీసి చూపాలి.

పుట్టినతేదీ విషయం కూడా ఇటువంటిదే. బడిలో చేర్చేటప్పుడు వ్రాయించిన తేదీ, అసలు పుట్టినతేదీ వేరుగా ఉన్న పెద్దలు ఎందరో ఉన్నారు. జీవిత బీమా ప్రీమియం వయస్సుపై ఆధారపడుతుంది. ఎల్.ఐ.సి. వారి అనేక ప్లానులలో దగ్గరి పుట్టినరోజు ప్రకారం వయస్సును లెక్కిస్తారు. అంటే 34 సంవత్సరాల 7 నెలలు నిండిన వ్యక్తిని 35 సంవత్సరాల వానిగా పరిగణిస్తారు. ఏజెంటు ఏ పత్రం ఆధారంగా తేదీని నమోదు చేశాడో కూడా సాఫ్టువేరులో వ్రాసి ఉంచడం మంచిది.

తెలుగు లిపి

యూనికోడ్ వ్యాప్తి చెందక ముందు తెలుగులో ఉత్తరాలు తయారుచేసే ప్రోగ్రాములు ప్రత్యేక ఫాంటులపై ఆధారపడేవి. ఆ ఫాంటు లేని కంప్యూటరులో అదే సమాచారం అర్థంలేని గుర్తులుగా కనిపించేది. యూనికోడ్ వచ్చిన తరువాత తెలుగు అక్షరాలను ఏ కంప్యూటరులోనైనా, ఏ ఫోనులోనైనా చదవడం, వెతకడం, అకారాది క్రమంలో పేర్చడం సాధ్యమైంది. ఇంగ్లీషు చదవలేని పాలసీదారుకు గడువు సందేశం తెలుగులో అందడం వలన కలిగే మేలు స్పష్టమే.

తేదీల లెక్క

ఏజెన్సీ సాఫ్టువేరుకు గుండెకాయ వంటిది తేదీల లెక్క. పాలసీ అమలులో ఉన్నదా, లేదా అన్న ప్రశ్నకు జవాబు ఒక్క రోజు తేడాతో మారిపోగలదు.

అదనపు గడువు

ఎల్.ఐ.సి. పాలసీలలో మొదటి బాకీ ప్రీమియం తేదీని ఏజెంట్లు 'ఎఫ్.యు.పి.' అని వ్యవహరిస్తారు. సంవత్సరానికి, ఆరు నెలలకు, మూడు నెలలకు ఒకసారి చెల్లించే అనేక పాలసీలకు ఆ తేదీ నుండి ఒక నెల, కానీ 30 రోజులకు తగ్గకుండా, అదనపు గడువు ఉంటుంది. నెలవారీ చెల్లింపుకు 15 రోజులు. ఈ 'ఒక నెల, కానీ 30 రోజులకు తగ్గకుండా' అనే మాటను కంప్యూటరుకు సరిగా బోధించాలి. ఉదాహరణకు 2025 ఫిబ్రవరి 28న కట్టవలసిన ప్రీమియంకు ఒక నెల లెక్కిస్తే మార్చి 28 వస్తుంది. కానీ అది 28 రోజులే. 30 రోజులు నిండేది మార్చి 30 నాటికి. కనుక అదనపు గడువు మార్చి 30 వరకు ఉంటుంది. నెలను మాత్రమే కలిపే ప్రోగ్రాము ఇక్కడ రెండు రోజులు తప్పుతుంది.

అదనపు గడువులో పాలసీదారు మరణిస్తే, కట్టవలసిన ప్రీమియాన్ని మినహాయించుకొని బీమా మొత్తాన్ని చెల్లిస్తారు. గడువు దాటిన తరువాత పాలసీ ల్యాప్స్ అవుతుంది. నిర్ణీత సంవత్సరాలు ప్రీమియం కట్టి ఉంటే తగ్గిన మొత్తంతో పెయిడప్ పాలసీగా మిగులుతుంది. లేకుంటే రక్షణ ఆగిపోతుంది.

పునరుద్ధరణ

ల్యాప్స్ అయిన పాలసీని తిరిగి అమలులోకి తెచ్చుకొనే గడువు అన్ని పాలసీలకూ ఒకటి కాదు. 2013 నాటి నియమాల ప్రకారం వచ్చిన పాలసీలకు అది 2 సంవత్సరాలు. 2019 నాటి నియమాల ప్రకారం వచ్చిన వాటిలో సంప్రదాయ పాలసీలకు 5 సంవత్సరాలు, యూనిట్ లింక్డ్ పాలసీలకు 3 సంవత్సరాలు. అందువలన సాఫ్టువేరు ఒకే నియమాన్ని అన్నింటికీ వర్తింపజేయకూడదు. పాలసీ ఏ నియమాల కాలానికి చెందినదో చూసి లెక్కించాలి.

క్లెయిము రాయితీ

ల్యాప్స్ అయిన పాలసీపై ఏమీ రాదని చాలామంది భావిస్తారు. ఎల్.ఐ.సి. వారి అనేక పాత పాలసీలకు ఒక రాయితీ ఉంది. కనీసం 3 పూర్తి సంవత్సరాలు ప్రీమియం చెల్లించి ఉండి, మొదటి బాకీ తేదీ నుండి 6 నెలల లోపు మరణం సంభవిస్తే, బాకీలను మినహాయించుకొని పూర్తి బీమా మొత్తాన్ని ఇస్తారు. 5 పూర్తి సంవత్సరాలు చెల్లించి ఉంటే ఈ గడువు 12 నెలలు. కుటుంబానికి ఈ విషయం తెలియకపోవచ్చు. ఏజెంటు రికార్డులో ఎఫ్.యు.పి. తేదీ సరిగా ఉంటే ఈ సంగతి వెంటనే బయటపడుతుంది. కనుక ల్యాప్స్ అయిన పాలసీలను జాబితా నుండి తొలగించడం సరైన పద్ధతి కాదు.

సాధారణ బీమా, ఆరోగ్య బీమా

వాహన బీమాలో మూడవ పక్షానికి సంబంధించిన బీమా 1988 నాటి మోటారు వాహనాల చట్టం ప్రకారం తప్పనిసరి. ఇక్కడ పాలసీ ముగిసిన క్షణం నుండి రక్షణ ఉండదు. ముగిసిన 90 రోజుల లోపు పునరుద్ధరించుకోకపోతే, క్లెయిము చేయని సంవత్సరాలకు లభించే తగ్గింపు (20 శాతం నుండి 50 శాతం వరకు) కూడా పోతుంది. ఆరోగ్య బీమాలో ముందునుండి ఉన్న వ్యాధులకు నిరీక్షణ కాలం ఉంటుంది. 2024 నాటి నియమాల ప్రకారం ఇది 36 నెలలకు మించకూడదు. పాలసీ తెగిపోయి మళ్ళీ కొత్తది తీసుకుంటే ఈ నిరీక్షణ తిరిగి మొదటికి వస్తుంది. రెండున్నర సంవత్సరాలు వేచియున్న మధుమేహ రోగికి ఒక్క మరపు వలన ఆ కాలమంతా వృథా అవుతుంది.

రోజువారీ పని

సాఫ్టువేరును సక్రమంగా వాడే ఏజెన్సీలో రోజు పని ఇంచుమించు ఈ క్రమంలో సాగుతుంది.

# ఉదయం తెరవగానే ఆనాటి జాబితా కనిపిస్తుంది. గడువు దగ్గరపడినవారు, అదనపు గడువులో ఉన్నవారు, గడువు ముగియనున్నవారు వేర్వేరు వరుసలలో ఉంటారు. మూడవ వరుసలోని వారికి ముందుగా ఫోను చేయాలి.
# కంపెనీ పోర్టల్ నుండి తెచ్చుకున్న తాజా వివరాలతో సొంత రికార్డును సరిచూస్తారు. చెల్లించినవారు జాబితా నుండి తొలగిపోతారు.
# మిగిలినవారికి ఎస్.ఎం.ఎస్. ద్వారా గానీ, వాట్సాప్ ద్వారా గానీ సందేశాలు వెళతాయి. ఫోను లేనివారికి, సందేశం చదవలేనివారికి ఊరి వారీగా జాబితా తీసి స్వయంగా కలుస్తారు.
# కొత్త ప్రతిపాదనలు ఏ దశలో ఉన్నాయో చూస్తారు. వైద్య పరీక్ష కావలసినవి, వయస్సు రుజువు కోసం ఆగినవి విడిగా కనిపిస్తాయి.
# మెచ్యూరిటీ, మనీబ్యాక్ సొమ్ము రానున్న పాలసీలను గుర్తించి బ్యాంకు ఖాతా వివరాలు సక్రమంగా ఉన్నవో లేవో చూస్తారు.
# సాయంత్రం ఆనాటి సంభాషణల సారాంశం నమోదు చేసి, సమాచారాన్ని మరొకచోట కూడా భద్రపరుస్తారు.

ఐదవ అంశం చిన్నదిగా కనిపించినా విలువైనది. చిరునామా మారి, ఖాతా మూతపడి, పాలసీదారులకు చేరని సొమ్ము బీమా కంపెనీల వద్ద మిగిలిపోతూ ఉంటుంది. 10 సంవత్సరాలకు పైగా ఎవరూ కోరని ఇటువంటి మొత్తాలను వృద్ధుల సంక్షేమ నిధికి బదిలీ చేయాలన్నది నియమం.

ప్రీమియం, ప్రయోజనాల లెక్కలు

ప్రీమియం లెక్కకు వయస్సు, కాలవ్యవధి ఆధారంగా వేయి రూపాయలకు ఇంత అనే పట్టిక మూలం. ఎండోమెంటు తరహా అనేక ప్లానులలో వార్షిక చెల్లింపుకు 2 శాతం, అర్ధవార్షిక చెల్లింపుకు 1 శాతం తగ్గింపు ఉంటుంది. బీమా మొత్తం పెద్దదైతే మరికొంత తగ్గుతుంది. ప్రమాద బీమా కోరితే కొంత కలుస్తుంది.

ఈ పట్టికలు తరచు మారుతుంటాయి. ఎల్.ఐ.సి. వారి 'జీవన్ ఆనంద్' ప్లాను సంఖ్య మొదట 149. 2014లో కొత్త రూపంలో 815గా, 2020లో 915గా, 2024 అక్టోబరులో 715గా మారింది. పేరు ఇంచుమించు ఒకటే అయినా ఇవి నాలుగు వేర్వేరు ప్లానులు. పన్నుల సంగతి కూడా అంతే. 2017 జూలై 1 నుండి ఎండోమెంటు పాలసీల మొదటి సంవత్సరపు ప్రీమియంపై 4.5 శాతం, తరువాతి సంవత్సరాలలో 2.25 శాతం జి.ఎస్.టి. ఉండేది. 2025 సెప్టెంబరు 22 నుండి వ్యక్తిగత జీవిత, ఆరోగ్య బీమా పాలసీలను ఈ పన్ను నుండి మినహాయించారు. పన్ను రేటును ప్రోగ్రాము లోపల స్థిరంగా వ్రాసివేస్తే అది ఒక్క రోజులో పనికిరానిదవుతుంది. రేటును, అది అమలులోకి వచ్చిన తేదీని పట్టికగా ఉంచితే పాత రసీదులు, కొత్త రసీదులు రెండూ సరిగా వస్తాయి.

ప్రయోజనాల లెక్కలో మరింత జాగ్రత్త అవసరం. బోనస్ సంవత్సరానికొకసారి ప్రకటిస్తారు. బీమా మొత్తం 5,00,000 రూపాయలు, బోనస్ వేయికి 40 రూపాయలు అనుకుంటే ఆ సంవత్సరపు బోనస్ 20,000 రూపాయలు. ప్రోగ్రాము ఇదే రేటును 20 సంవత్సరాలకు గుణించి 4,00,000 రూపాయలు వస్తుందని రంగుల కాగితంపై చూపగలదు. కానీ ఆ రేటు అంతకాలం ఉంటుందన్న హామీ లేదు. ఈ కారణంగానే కంపెనీలు అధికారికంగా ఇచ్చే ప్రయోజనాల వివరణ పత్రంలో 4 శాతం, 8 శాతం అనే రెండు ఊహాజనిత రాబడుల ప్రకారం లెక్కలు చూపించి, హామీ ఉన్న మొత్తాన్ని విడిగా పేర్కొంటారు. ప్రైవేటు ప్రోగ్రాము అచ్చువేసిన కాగితం ఆ పత్రానికి ప్రత్యామ్నాయం కాదు.

కమీషను ఖాతా

జీవిత బీమాలో ఏజెంటుకు మొదటి సంవత్సరం ఎక్కువ శాతం, తరువాతి సంవత్సరాలలో తక్కువ శాతం కమీషను లభిస్తుంది. సాఫ్టువేరు ప్రతి పాలసీకి రావలసిన కమీషనును లెక్కించి, కంపెనీ ఇచ్చిన బిల్లుతో సరిపోల్చి, తేడాలను చూపుతుంది. మూలంలో కోసిన ఆదాయపు పన్నును కూడా నమోదు చేస్తుంది. ఎల్.ఐ.సి.లో నిర్ణీత షరతులకు లోబడి ఏజెంటు మరణానంతరం అతని వారసులకు కమీషను కొనసాగుతుంది. కనుక ఈ ఖాతా సక్రమంగా ఉండడం ఏజెంటు కుటుంబానికి కూడా అవసరం.

కమీషనులో కొంత భాగాన్ని పాలసీదారుకు తిరిగి ఇవ్వడాన్ని 1938 నాటి బీమా చట్టం 41వ సెక్షను నిషేధిస్తున్నది. కొన్ని ప్రోగ్రాములలో కనిపించే 'పార్టీకి ఇచ్చిన తగ్గింపు' వంటి గడి ఈ నిషేధానికి విరుద్ధమైన వాడుకకు దారితీయవచ్చు.

చట్టం దృష్టిలో ఏజెన్సీ నమోదు

ఏజెంటు కంప్యూటరులో 'చెల్లించారు' అని ఉన్నంత మాత్రాన పాలసీ అమలులో ఉన్నట్లు కాదు. ఈ విషయాన్ని స్పష్టం చేసిన తీర్పు, హర్షద్ జె. షా వర్సెస్ ఎల్.ఐ.సి. కేసులో సుప్రీం కోర్టు 1997లో ఇచ్చింది.

ఆ కేసులో ఒక వ్యక్తి 1986 మార్చిలో ఒక్కొక్కటి 25,000 రూపాయల చొప్పున నాలుగు పాలసీలు తీసుకున్నాడు. 1987 మార్చిలో కట్టవలసిన అర్ధవార్షిక ప్రీమియం అదనపు గడువులోగా చెల్లించలేదు. జూన్ నెలలో ఏజెంటు అతని వద్ద బేరర్ చెక్కు తీసుకొని సొమ్ము చేసుకున్నాడు. కానీ వెంటనే కార్పొరేషనులో కట్టలేదు. ఆగస్టు 9న పాలసీదారు ప్రమాదంలో మరణించాడు. ఏజెంటు ఆ సొమ్మును ఆగస్టు 10న, అంటే మరునాడు, జమచేశాడు. ప్రీమియం వసూలు చేసే అధికారం ఆ ఏజెంటుకు లేదని, అతనికి ఇచ్చినంత మాత్రాన కార్పొరేషనుకు చెల్లించినట్లు కాదని కోర్టు నిర్ణయించింది. 1972 నాటి ఎల్.ఐ.సి. ఏజెంట్ల నిబంధనలలో ఈ పరిమితి ఉంది. కార్పొరేషను ప్రత్యేకంగా అధికారం ఇచ్చినప్పుడు మాత్రమే ఏజెంటు రెన్యూవల్ ప్రీమియం వసూలు చేయవచ్చు. తరువాతి కాలంలో 'ప్రీమియం పాయింట్' పేరుతో కొందరు ఏజెంట్లకు ఇటువంటి అధికారం లభించింది.

జీతం నుండి ప్రీమియం కోసే పథకంలో మాత్రం సుప్రీం కోర్టు 1999లో ఢిల్లీ ఎలక్ట్రిక్ సప్లయ్ అండర్‌టేకింగ్ వర్సెస్ బసంతి దేవి కేసులో భిన్నమైన నిర్ణయం తీసుకున్నది. యజమాని జీతం నుండి ప్రీమియం కోసే బాధ్యత వహించి సకాలంలో పంపకపోయినప్పుడు, ఉద్యోగి దృష్టిలో యజమాని ఎల్.ఐ.సి. ప్రతినిధియే కనుక బీమా సంస్థ బాధ్యత తప్పదని తీర్పు ఇచ్చింది. అయినా ఆ కుటుంబం కోర్టుల చుట్టూ తిరగవలసి వచ్చింది. జీతపు పొదుపు పథకంలోని పాలసీలకు నెలనెలా సొమ్ము జమ అయినదీ లేనిదీ సరిచూసే జాబితా సాఫ్టువేరులో ఉంటే ఖాళీ ఏర్పడిన నెలలోనే తెలుస్తుంది.

బీమా చట్టం 64-విబి సెక్షను ప్రకారం ప్రీమియం ముందుగా అందనిదే బీమా కంపెనీ రిస్కును స్వీకరించరాదు. కంపెనీ తరఫున ప్రీమియం వసూలు చేసిన ఏజెంటు కమీషనును మినహాయించుకోకుండా మొత్తం సొమ్మును, బ్యాంకు, తపాలా సెలవులు పోను, 24 గంటలలోగా కంపెనీకి పంపాలి. కనుక సాఫ్టువేరులో 'ఏజెంటుకు అందినది', 'కంపెనీ రసీదు వచ్చినది' అనే రెండు దశలు వేరువేరుగా ఉండాలి. మొదటిది నమోదై రెండవది నమోదు కాని ప్రతి ప్రీమియమూ మరునాటి జాబితాలో అన్నిటికంటే పైన కనిపించాలి.

పరిమితులు, జాగ్రత్తలు

* కంపెనీ వివరాలతో సరిచూడని రికార్డు కాలక్రమంలో నమ్మదగనిదవుతుంది. పాలసీదారు నేరుగా ఇంటర్నెట్టు ద్వారా చెల్లించిన సంగతి ఏజెంటుకు తెలియకపోవచ్చు.
* బీమా రికార్డులలో ఆరోగ్య వివరాలు, ఆదాయం, కుటుంబ సంబంధాలు, బ్యాంకు ఖాతాలు ఉంటాయి. వ్యక్తిగత డిజిటల్ సమాచార రక్షణకు 2023లో పార్లమెంటు చట్టం చేసింది. పాలసీదారు పోర్టల్ సంకేతపదాన్ని, ఒ.టి.పి.ని ఏజెంటు సాఫ్టువేరులో ఉంచుకోవడం ఏ విధంగానూ తగదు.
* ఒకే కంప్యూటరులో, ఒకే ప్రతిగా ఉన్న సమాచారం ఆ యంత్రంతో పాటే పోతుంది. ప్రోగ్రాము అమ్మిన సంస్థ మూతపడినా ఇబ్బందే. సమాచారాన్ని సాధారణ పట్టిక రూపంలో బయటకు తీసుకొనే సౌకర్యం ఉన్నదో లేదో కొనే ముందే చూడాలి.
* సందేశం పంపినంత మాత్రాన పాలసీదారు చదివినట్లు కాదు. మారిపోయిన ఫోను నంబరుకు సంవత్సరాల తరబడి వెళ్ళే సందేశం ఎవరికీ ఉపయోగపడదు.
* నామినీ మరణించిన, పాలసీ తీసుకున్న తరువాత వివాహమైన వారి పాలసీలను సంవత్సరానికి ఒకసారైనా తిరిగి చూడాలి. పాలసీని ఇతరులకు అసైన్ చేసినప్పుడు పాత నామినేషను సాధారణంగా రద్దవుతుంది. అసైన్‌మెంటు ముగిసిన తరువాత నామినేషను సరిగా ఉన్నదో లేదో చూసుకోవాలి.

పాలసీదారు వైపు నుండి చూస్తే, ఏజెంటు వద్ద ఎంత మంచి సాఫ్టువేరు ఉన్నా కంపెనీ ఇచ్చిన రసీదే రుజువు. ప్రతి చెల్లింపు తరువాత రసీదులోని 'తరువాతి బాకీ తేదీ'ని చూసుకోవడం, పాలసీ సంఖ్యలను, నామినీ వివరాలను ఇంట్లో మరొకరికి తెలిసేలా వ్రాసి ఉంచడం, ఏ కంప్యూటరూ అవసరం లేని పనులు.

ఇవి కూడా చూడండి

* జీవిత బీమా
* భారతీయ జీవిత బీమా సంస్థ
* ఆరోగ్య బీమా
* భోగరాజు పట్టాభి సీతారామయ్య
* యూనికోడ్
* డేటాబేసు